ఓఎస్ వేస్తుంటే సిస్టమ్ ఎందుకు బిగుసుకుపోతుంది?

పాత కంప్యూటర్‌ను పక్కన పడేయడానికి మనసొప్పక, కొత్తది కొనడానికి డబ్బు చాలక, ఉన్నదానిలోనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) వేయించుకునేవారు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలామంది ఉన్నారు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసిపోవడంతో ఆ అవసరం ఇంకా పెరిగింది. ఎచ్చెర్లలో చదువుకునే విద్యార్థి సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కావచ్చు, బొబ్బిలిలో జిరాక్స్ షాపు సిస్టమ్ కావచ్చు, పెన్ డ్రైవ్ పెట్టి ఓఎస్ వేస్తుండగా సగంలో తెర బిగుసుకుపోతే మొదట వినిపించే సలహా ఒక్కటే: ‘మళ్లీ ఫార్మాట్ కొట్టండి.’ ఈ సలహా కొన్నిసార్లు ఫలిస్తుంది. ఫలించనప్పుడు మాత్రం నష్టం చేస్తుంది. మళ్లీ మొదలుపెట్టిన ప్రతిసారీ, ఎక్కడ ఆగిపోయిందన్న ఆధారం చెరిగిపోతుంది. డిస్క్ అప్పటికే పాడవుతూ ఉంటే ఇంకాస్త పాడవుతుంది.

ఇలా ఆగిపోయినప్పుడు విండోస్‌నో, ఉచితంగా దొరికే మరో ఓఎస్ అయిన లినక్స్‌నో తప్పుపట్టడం తేలిక, కానీ చాలా సందర్భాల్లో తప్పు అక్కడ ఉండదు. రోజూ బ్రౌజర్ తెరిచి నాలుగు పేజీలు ప్రింటు తీసే సిస్టమ్ తన ర్యామ్‌లో (తాత్కాలిక జ్ఞాపకంలో) కొంత భాగాన్నీ, డిస్క్‌లో కొన్ని చోట్లనూ మాత్రమే వాడుకుంటుంది. ఓఎస్ వేసేటప్పుడు కొన్ని గిగాబైట్ల కుదించిన ఫైళ్లను పెన్ డ్రైవ్ నుంచి ఆగకుండా చదవాలి, ర్యామ్‌లో విప్పాలి, ప్రాసెసర్‌తో లెక్కకట్టించాలి, డిస్క్‌పై వరుసగా రాయాలి. ఇవన్నీ ఏకకాలంలో జరుగుతాయి. గట్టు బలహీనత చెరువు నిండినప్పుడే బయటపడినట్టు, యంత్రంలో ఎప్పటినుంచో దాగి ఉన్న లోపం ఈ ఒత్తిడిలోనే బయటపడుతుంది. కాబట్టి ఏ దశలో ఆగింది, రెండోసారీ అక్కడే ఆగిందా అన్న రెండు సంగతులు గమనించినవారికి లోపం ఎక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది.

నిజంగా ఆగిపోయిందా?

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది ఇదే. తెరపై కనిపించే శాతం గడియారంతో సమానంగా నడవదు. ఒక శాతం నిమిషంలో దాటవచ్చు, దాని తర్వాతి శాతం దగ్గర పాత హార్డ్ డిస్క్ చాలాసేపు నిలబడవచ్చు. తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్ (ఎస్ఎస్‌డీ) ఉన్న సిస్టమ్‌లో అరగంట లోపు ముగిసే పని, పాత హార్డ్ డిస్క్‌పై గంట దాటినా ఆశ్చర్యం లేదు. అందువల్ల శాతాన్ని కాక యంత్రాన్ని చూడాలి. కీబోర్డులో క్యాప్స్ లాక్ నొక్కండి. దాని లైటు వెలిగి ఆరుతుంటే సిస్టమ్ ప్రాణంతోనే ఉంది, దేనికోసమో ఎదురుచూస్తోంది. లైటు ఏమాత్రం స్పందించకుండా, మౌస్ బాణం కూడా కదలకుండా ఉంటే అది నిజమైన ఆగిపోవడం. లినక్స్ వేస్తుండగా క్యాప్స్ లాక్ లైటు దానంతటదే మిణుకుమిణుకుమంటుంటే, ఓఎస్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ తనంతట తానే పని ఆపేసిందని సాధారణంగా అర్థం చేసుకోవచ్చు.

క్యాబినెట్ ముందుభాగంలో ఉండే డిస్క్ లైటు కూడా విలువైన సాక్షి. అది అప్పుడప్పుడూ మినుకుమంటుంటే పని సాగుతోంది. పూర్తిగా ఆరిపోతే పని ఆగింది. ఆరకుండా ఒకటే వెలుతురుతో నిలిచిపోతే మాత్రం డిస్క్ ఏదో ఒక భాగాన్ని చదవలేక మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోందని అనుమానించాలి. ఈ మూడింటికీ తేడా గమనించకుండా పవర్ బటన్ నొక్కిపట్టుకోవడం తొందరపాటే అవుతుంది.

విండోస్ సెటప్‌లో షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే నల్లని కమాండ్ విండో తెరుచుకుంటుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కీ కూడా కలపాలి. ఆ విండో తెరుచుకుందంటేనే సిస్టమ్ బతికి ఉందని రుజువు. పాంథర్ అనే ఫోల్డర్‌లో సెటప్ తన ప్రతి అడుగునూ రాసిపెట్టుకునే లాగ్ ఫైలు ఉంటుంది. ఇంగ్లిష్‌లో ఉన్నా దాని చివరి పది వరుసలు చదివితే ఏ ఫైలు దగ్గర, ఏ డ్రైవర్ (పరికరాన్ని ఓఎస్‌తో కలిపే చిన్న ప్రోగ్రామ్) దగ్గర పని నిలిచిందో తెలుస్తుంది. లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటులో అయితే, సిస్టమ్ మొదలయ్యేటప్పుడు వచ్చే బూట్ మెనూలో ‘ఈ’ నొక్కి, లినక్స్ అనే మాటతో మొదలయ్యే వరుసలో ఉన్న క్వయట్, స్ప్లాష్ అనే మాటలను తీసేసి ఎఫ్10 నొక్కితే, అందమైన లోగో స్థానంలో సందేశాలు వరుసగా కనిపిస్తాయి. ఆగిపోయినప్పుడు ఆ చివరి సందేశాన్ని ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోవాలి. సర్వీసు షాపుకు వెళ్లేటప్పుడు ‘హ్యాంగ్ అయిపోతోందండీ’ అని చెప్పడం కంటే ఆ ఒక్క ఫోటో చాలా ఉపయోగపడుతుంది.

అదే చోటా, వేరు వేరు చోట్లా?

ఒకసారి ఆగిపోయాక దేన్నీ మార్చకుండా రెండోసారి వేసి చూడటం వృథా ప్రయాస కాదు. కాకపోతే డిస్క్‌లో విలువైన ఫైళ్లు ఉంటే దానికంటే ముందు వాటిని బయటికి తీసుకోవాలి. డిస్క్‌లో వేయకుండానే నడిచే లైవ్ లినక్స్ పెన్ డ్రైవ్‌తో సిస్టమ్ తెరిచి, ఫైళ్లను మరో డిస్క్‌కు కాపీ చేసుకోవచ్చు.

రెండోసారి కూడా సరిగ్గా అదే శాతం దగ్గర, అదే సందేశం దగ్గర ఆగితే అనుమానం పెన్ డ్రైవ్‌లోని ఫైలు మీదికో, డిస్క్‌లోని ఒక నిర్దిష్టమైన చోటు మీదికో, ఒక డ్రైవర్ మీదికో వెళ్తుంది. ఒకసారి 27 శాతం దగ్గర, మరోసారి 64 దగ్గర, ఇంకోసారి రీస్టార్ట్ అయ్యాక, ఇలా పొంతన లేకుండా ఆగుతుంటే ర్యామ్, వేడి, కరెంటు అనే మూడింటిలో ఒకటి కారణమయ్యే అవకాశం ఎక్కువ. ఇది శాసనం కాదు. పాడైన డిస్క్ కూడా వేరు వేరు చోట్ల ఆగవచ్చు. అయినా వెతకడం ఎటునుంచి మొదలుపెట్టాలో చెప్పడానికి ఇంతకంటే చవకైన పరీక్ష మరొకటి లేదు. దీని తర్వాత పాటించవలసిన నియమం, ఒక్కసారికి ఒక్క మార్పే చేయడం. పెన్ డ్రైవ్, ర్యామ్, కేబుల్ మూడూ ఒకేసారి మార్చేస్తే సిస్టమ్ బాగుపడవచ్చు గానీ, వాటిలో పాడైనది ఏదో తెలియక, దాన్నే తీసుకెళ్లి మరో సిస్టమ్‌లో పెట్టే ప్రమాదం ఉంది.

పెన్ డ్రైవ్, ఐఎస్ఓ ఫైలు

ఇక్కడ తేలే సమస్యలు ఎక్కువ, ఖర్చు తక్కువ. మొబైల్ హాట్‌స్పాట్‌తో రాత్రంతా డౌన్‌లోడ్ చేసిన, ఓఎస్ మొత్తం ఇమిడి ఉండే ఐఎస్ఓ ఫైలులో ఎక్కడో ఒక ముక్క దెబ్బతిని ఉండవచ్చు. దాన్ని పరిశీలించడానికి షా256 అనే అంకెలు, అక్షరాల వరుస ఉంది. ఫైలును విడుదల చేసినవారు తమ సైటులో ఆ వరుసను ప్రకటిస్తారు. విండోస్‌లోని సర్ట్‌యుటిల్ కమాండ్‌తో గానీ, లినక్స్‌లోని షా256సమ్‌తో గానీ మన దగ్గరున్న ఫైలుకు లెక్కకట్టి చూస్తే రెండూ అక్షరం పొల్లుపోకుండా కలవాలి. కలవకపోతే ఆ ఫైలుతో ఎన్నిసార్లు వేసినా ప్రయోజనం లేదు. తెలిసినవారి దగ్గర కాపీ చేసుకున్న, ఎవరో మార్పులు చేసిన విండోస్ కాపీలకు ఇలాంటి పరీక్ష సాధ్యమే కాదు, కాబట్టి వాటిని దగ్గరికి రానివ్వకపోవడమే మంచిది.

ఫైలు సరైనదే అయినా పెన్ డ్రైవ్ నకిలీది కావచ్చు. 64 జీబీ అని ముద్రించి, లోపల అందులో నాలుగోవంతు కూడా లేనివి చవక ధరకు దొరుకుతుంటాయి. వాటిలో అసలు సామర్థ్యం దాటాక రాసినదంతా గాలిలో కలిసిపోతుంది, అయినా కాపీ చేసేటప్పుడు ఏ హెచ్చరికా రాదు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ లేదా ఎఫ్3 అనే ఉచిత సాధనాలు డ్రైవ్ నిండా రాసి, తిరిగి చదివి ఈ మోసాన్ని బయటపెడతాయి. అంతకంటే ముందు పెన్ డ్రైవ్‌ను క్యాబినెట్ ముందున్న పోర్టు నుంచి తీసి, వెనుక నేరుగా మదర్‌బోర్డుపై ఉన్న పోర్టులో పెట్టి చూడాలి. ముందు పోర్టులకు లోపల ఉండే తీగ వదులైపోవడం పాత సిస్టమ్‌లలో మామూలే.

సిస్టమ్ ఆగినట్టు కనిపించినా నిజానికి ఆగని సందర్భం ఒకటి ఉంది. 2015లో వచ్చిన ఇంటెల్ ఆరో తరం, ఆ తర్వాతి సిస్టమ్‌లలో విండోస్ 7 వేయబోతే మొదటి తెర వద్దే మౌస్, కీబోర్డు పనిచేయడం మానేస్తాయి. విండోస్ 7 సెటప్‌లో యూఎస్‌బీ 3 డ్రైవర్లు లేవు, ఆ చిప్‌సెట్లలో పాత యూఎస్‌బీ కంట్రోలర్ లేదు. పాత అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ కోసం విండోస్ 7 కావాలని పట్టుబట్టేవారికి ఇది ఎదురవుతుంది. దీనికి విరుద్ధమైనది, మరీ పాత యంత్రంపై మరీ కొత్త ఓఎస్ వేయాలనుకోవడం. అర్హత పరీక్షలను దాటవేసి కోర్ 2 డుయో సిస్టమ్‌లో విండోస్ 11 24హెచ్2 వేయాలని చూసేవారున్నారు. ఆ వెర్షన్‌కు ప్రాసెసర్‌లో తప్పనిసరిగా ఉండవలసిన కొన్ని ఆదేశాలు కోర్ 2 డుయోలో లేవు కాబట్టి అది మొదలవకుండానే తిరిగి తిరిగి రీస్టార్ట్ అవుతుంది. దానికి మరమ్మతు లేదు. తేలికపాటి లినక్స్ ఒక్కటే దారి.

డిస్క్

ఫైళ్లు కాపీ అవుతూ ఆగిపోయి, డిస్క్ లైటు అదేపనిగా వెలుగుతూ ఉంటే ముందు డిస్క్‌నే చూడాలి. హార్డ్ డిస్క్‌లో ఒక సెక్టార్ (సమాచారం దాచే చిన్న గడి) పాడైనప్పుడు డిస్క్ వెంటనే చేతులెత్తేయదు. లోపల చదివే తలను వెనక్కీ ముందుకీ జరుపుతూ, సెకన్ల తరబడి మళ్లీ మళ్లీ చదవడానికి ప్రయత్నిస్తుంది. దానికి తోడు ఓఎస్ కూడా ఓపిక పడుతుంది: ఒక్కో ఆదేశానికి జవాబు కోసం లినక్స్ సాధారణంగా 30 సెకన్లు, విండోస్ 60 సెకన్లు ఆగి, ఆ తర్వాత మళ్లీ అడుగుతాయి. ఇలాంటి సెక్టార్లు ఓ ఇరవై వరుసగా ఉంటే తెర మీద ఒకే శాతం అరగంట నిలిచిపోవడంలో వింత లేదు. చూసేవారికి అది హ్యాంగ్, డిస్క్‌కు మాత్రం ప్రయత్నం.

ఈ విషయం నిర్ధారించడానికి డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ పట్టిక ఉంది. ఉబుంటు లైవ్ పెన్ డ్రైవ్‌లోని డిస్క్స్ అనే అప్లికేషన్‌లో గానీ, విండోస్‌లో క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో గానీ దాన్ని చూడవచ్చు. అందులో 5వ అంశం ఇప్పటికే పక్కన పెట్టేసిన సెక్టార్ల లెక్క. 197వది చదవలేక ఇంకా నిర్ణయం తీసుకోని సెక్టార్ల లెక్క. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో ఆ 197ను సీ5 అని చూపిస్తుంది. 197 దగ్గర సున్నా కాక మరే అంకె కనిపించినా, పదే పదే చూస్తుంటే అది పెరుగుతున్నా, ఆ డిస్క్‌పై ఓఎస్ వేయడం మానుకుని ముందు అందులోని ఫొటోలు, రికార్డులు కాపీ చేసుకోవాలి. అటువంటి డిస్క్‌పై ఫార్మాట్ కొట్టీ కొట్టీ ఎలాగోలా ఓఎస్ ఎక్కించుకున్నవారికి కొన్ని వారాల తర్వాత పూర్తిగా అన్నీ పోగొట్టుకునే పరిస్థితి వస్తుంది. అది చూస్తే నిజంగా బాధ కలుగుతుంది.

199వ అంశం పెరుగుతుంటే మాత్రం కంగారు పడనక్కర్లేదు. అది డిస్క్‌కూ బోర్డుకూ మధ్య రవాణాలో వచ్చిన పొరపాట్ల లెక్క. చాలాసార్లు సాటా కేబుల్ మార్చితే సరిపోతుంది, వంద రూపాయల్లో ముగిసే వ్యవహారం. ఆ పాత అంకె ఆ తర్వాత కూడా అలాగే ఉంటుంది, పెరగకపోతే చాలు.

ర్యామ్, ఉప్పుగాలి, దుమ్ము

భోగాపురం, పూసపాటిరేగ నుంచి కళింగపట్నం మీదుగా సోంపేట, కవిటి వరకూ ఉన్న తీరప్రాంతంలో లోహం త్వరగా తుప్పుపడుతుందని అక్కడివారికి వేరే చెప్పనక్కర్లేదు. కంప్యూటర్ లోపల కూడా అంతే. ర్యామ్ పలకకు అడుగున ఉండే బంగారు పూత పిన్నులపై తేమ, ఉప్పు, దుమ్ము కలిసి సన్నటి పొర కడతాయి. స్పర్శ అంతంతమాత్రంగా ఉన్నప్పుడు సిస్టమ్ మామూలుగానే ఆన్ అవుతుంది. ఎక్కువ ర్యామ్ వాడవలసివచ్చిన క్షణంలో ఒక బిట్ మారిపోయి అంతా బిగుసుకుపోతుంది. మన షాపుల్లో పిల్లలు వాడే తెల్ల రబ్బరుతో ఆ పిన్నులను తుడిచే పద్ధతి ఉంది. అది పనిచేసే పద్ధతే. ప్లగ్ తీసేసి, ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ కూడా వేరుచేసి, మెత్తటి రబ్బరుతో పిన్నుల పొడవునా ఒకే దిశలో రెండు మూడుసార్లు తేలికగా తుడిచి, రబ్బరు పొట్టు స్లాటులో పడకుండా బ్రష్‌తో దులిపి, క్లిప్ టక్కుమనేలా నొక్కి పెట్టాలి. ఇసుక ఉన్న సిరా రబ్బరుతో గట్టిగా రుద్దితే బంగారు పూత ఊడిపోయి, సమస్య శాశ్వతమవుతుంది. నూలు గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవడం దానికంటే సురక్షితం.

తుడిచాక ర్యామ్‌ను పరీక్షించే ఉచిత సాధనం మెమ్‌టెస్ట్86 ప్లస్‌తో పరీక్షించాలి. 2022లో వచ్చిన దాని 6వ వెర్షన్ నుంచి యూఈఎఫ్ఐ పద్ధతిలో మొదలయ్యే కొత్త సిస్టమ్‌లలో కూడా నడుస్తుంది. గుర్తింపు లేని ప్రోగ్రామ్‌లను మొదలవనివ్వని సెక్యూర్ బూట్ సెట్టింగును అంతవరకు ఆపి ఉంచాలి. కనీసం ఒక పూర్తి ఆవృత్తి, వీలైతే రాత్రంతా నడపాలి. తెరపై ఒక్క ఎర్ర వరుస వచ్చినా అది లోపమే, ‘ఒక్కటే కదా’ అని సరిపెట్టుకోకూడదు. రెండు ర్యామ్‌లు ఉంటే ఒక్కొక్కటిగా పెట్టి నడపాలి. రెండూ విడివిడిగా నెగ్గి, కలిపి పెట్టినప్పుడే తప్పితే, తప్పు రెండో స్లాటుదో వేరు వేరు వేగాలున్న జతదో అయి ఉంటుంది. బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల తెరలో) ర్యామ్ వేగం పెంచే ఎక్స్ఎంపీ ఆన్ చేసి ఉంటే ఆపేసి మళ్లీ చూడటం అవసరం.

వేడి సంగతి లోపలి ఫ్యాన్ చూస్తే తెలిసిపోతుంది. నెల్లిమర్ల, రాజాం వంటి చోట్ల జనపనార మిల్లులకు దగ్గరగా ఉన్న ఇళ్లలో, షాపుల్లో సన్నటి నార నూగు ఎగిరి, ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ రెక్కల మధ్య చాపలా అల్లుకుపోతుంది. రైసు మిల్లుల దగ్గర తవుడు దుమ్ము అదే పని చేస్తుంది. ప్రాసెసర్ వేడెక్కితే మొదట తన వేగం తగ్గించుకుంటుంది, హద్దు దాటితే సిస్టమ్ ఆఫ్ అయిపోతుంది. ఫైళ్లు విప్పే దశలో ప్రాసెసర్ పూర్తి భారంపై ఉంటుంది కాబట్టి అక్కడే ఈ లక్షణం కనిపిస్తుంది. ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నం ఆగిపోయిన సిస్టమ్ తెల్లవారుజామున సజావుగా పూర్తిచేస్తే ఇంకో పరీక్ష అక్కర్లేదు. దుమ్ము తీసి, థర్మల్ పేస్ట్ మార్చాలి.

కరెంటు విషయం కొంచెం చిక్కు. 230 వోల్టులు రావలసిన చోట సాయంత్రం మోటార్లన్నీ తిరిగే వేళకు బాగా పడిపోతే, చవక రకం ఎస్ఎంపీఎస్ (క్యాబినెట్‌లోని పవర్ సప్లై) లోపలి వోల్టేజీని నిలకడగా ఉంచలేదు. లైటు కాస్త మసకబారడం తప్ప బయట ఏ తేడా కనిపించదు, లోపల మాత్రం డిస్క్ ఒక్క క్షణం తప్పిపోయి మళ్లీ కలుస్తుంది. యూపీఎస్ ఉన్నా దాని బ్యాటరీ చచ్చిపోయి ఉంటే ఉపయోగం లేదు. ఎర్తింగ్ లేని ఇళ్లలో క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమనడం కూడా సరిచేయించుకోవలసిన సంగతే. ల్యాప్‌టాప్‌కు అడాప్టర్ పెట్టి, బ్యాటరీ కనీసం సగం నింపుకుని ఓఎస్ వేయాలి.

డ్రైవర్లు, గ్రాఫిక్స్, నెట్

ఫైళ్లన్నీ ఎక్కి, ఒకసారి రీస్టార్ట్ అయ్యాక ‘పరికరాలను సిద్ధం చేస్తున్నాం’ అన్న దశలో విండోస్ ఆగితే, ఇప్పటిదాకా చెప్పినవాటికంటే డ్రైవర్ల మీద అనుమానం ఎక్కువ. ఆ దశలో అది కనిపించిన ప్రతి పరికరాన్నీ పలకరిస్తుంది. ప్రింటర్, వేలిముద్ర స్కానర్, వెబ్‌క్యామ్, బ్లూటూత్ డాంగిల్, రెండో డిస్క్ అన్నీ పీకేసి, కీబోర్డు, మౌస్ మాత్రమే ఉంచి వేయాలి. ఆధార్ పనులు చేసే కేంద్రాల సిస్టమ్‌లకు ఇటువంటి పరికరాలు నాలుగైదు తగిలించి ఉంటాయి, కాబట్టి వారికి ఇది ముఖ్యం. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉంటే తీసి, బోర్డు మీది డిస్‌ప్లేతో వేయడం మేలు.

లినక్స్‌లో ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు ఉన్న సిస్టమ్ లోగో దగ్గరో, నల్ల తెర దగ్గరో ఆగితే, ఇందాక చెప్పిన బూట్ వరుస చివర నోమోడ్‌సెట్ అని చేర్చి ఎఫ్10 నొక్కాలి. గ్రాఫిక్స్ డ్రైవర్‌ను పక్కనపెట్టి సాదా తెరతో సిస్టమ్ లేస్తుంది. ఓఎస్ వేశాక సరైన డ్రైవర్ వేసుకోవచ్చు. 2013, 14 నాటి బే ట్రెయిల్ తరం సెలరాన్, పెంటియమ్ ల్యాప్‌టాప్‌లది మరో కథ. ప్రాసెసర్ ఖాళీగా ఉన్నప్పుడు నిద్రలోకి జారి, లేవలేక ఆగిపోయే సమస్య వాటిలో లినక్స్‌తో బాగా ప్రసిద్ధం. ఆ నిద్ర ఎంత గాఢంగా ఉండాలో చెప్పే ఇంటెల్ ఐడిల్ సీ-స్టేట్‌ను 1కి పరిమితం చేసే ఆప్షన్‌తో అది తగ్గుతుంది, బ్యాటరీ కాస్త త్వరగా అయిపోతుంది. సెకండ్ హ్యాండ్ మార్కెట్లో ఆ ల్యాప్‌టాప్‌లు ఇంకా తిరుగుతున్నాయి కాబట్టి కొనేముందు ప్రాసెసర్ పేరు చూసుకోవాలి.

నెట్ వల్ల ఆగడం అన్నిటికంటే తేలిగ్గా తెలిసేది. ‘అప్‌డేట్లు చూస్తున్నాం’ అన్న చోట నిలిచిపోతే కేబుల్ పీకేయండి, వైఫై కలపకండి. ఉబుంటులో ఓఎస్ వేస్తూనే అప్‌డేట్లు డౌన్‌లోడ్ చేయమనే గుర్తు తీసేయండి. సిగ్నల్ సరిగా అందని ఊళ్లలో ఇదొక్కటి చేస్తేనే చాలా సందర్భాల్లో పని పూర్తవుతుంది.

బయోస్ సెట్టింగులను ఫ్యాక్టరీ స్థితికి తేవడం, డిస్క్ మోడ్‌ను (బోర్డు డిస్క్‌తో మాట్లాడే పద్ధతిని) ఏహెచ్‌సీఐలో పెట్టడం ఓఎస్ వేయడం మొదలుపెట్టే ముందు చేయదగినవే. బయోస్‌నే అప్‌డేట్ చేయడం మాత్రం వేరు. మధ్యలో కరెంటు పోతే బోర్డు పూర్తిగా పనికిరాకుండా పోవచ్చు కాబట్టి, మంచి యూపీఎస్ లేకుండా దాని జోలికి వెళ్లకూడదు.

ఇవన్నీ చూశాక కూడా ఆగిపోతుంటే మిగిలేది మదర్‌బోర్డు. దాన్ని నిర్ధారించడానికి ఒక ఉపాయం ఉంది. డిస్క్‌ను తీసి, బాగా పనిచేస్తున్న మరో సిస్టమ్‌కు తగిలించి, దాని సొంత డిస్క్‌ను వేరుచేసి, అక్కడ ఓఎస్ వేయడం మొదలుపెట్టాలి. ఫైళ్లన్నీ ఎక్కి మొదటి రీస్టార్ట్ అడిగినప్పుడు సిస్టమ్ ఆపి, డిస్క్‌ను తిరిగి పాత సిస్టమ్‌లో పెట్టాలి. అక్కడ ఆ డిస్క్, పరీక్షలో నెగ్గిన ఆ ర్యామ్, అరువు తెచ్చిన మంచి ఎస్ఎంపీఎస్ ఉన్నా మళ్లీ బిగుసుకుపోతే, బోర్డుపై ప్రాసెసర్ చుట్టూ చిన్న డబ్బాల్లా ఉన్న కెపాసిటర్లను చూడండి. వాటి తలలు ఉబ్బి, గోధుమరంగు జిగురు కారి ఉండటం ఆ వయసు బోర్డులలో తరచుగా కనిపిస్తుంది. వాటిని మార్చగలిగే మెకానిక్ దొరికితే అది తక్కువలోనే తేలే పని. దొరకకపోతే కొత్త బోర్డు మీద డబ్బు పెట్టేముందు అదే తరం సెకండ్ హ్యాండ్ సిస్టమ్ ధర కనుక్కుని, అది తక్కువకు వస్తుంటే పరీక్షలో నెగ్గిన డిస్క్‌నూ ర్యామ్‌నూ అందులోకి మార్చుకోవడం మేలు.